అమ్మబడినవారు తిరిగి వచ్చినప్పుడు
(శతజయంతి మహాసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మహాసభలో నిన్నటినుండి మన పూర్వికుల సేవను జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఎన్ని బడులు కట్టితిమి, ఎన్ని ఆసుపత్రులు నడిపితిమి, ఎందరికి బాప్తిస్మమిచ్చితిమి అను లెక్కలు చదువబడినవి. ఆ లెక్కలు విని దేవుని స్తుతించితిమి. అది న్యాయమే. అయితే మన సంఘపు రిజిస్టరులలో ఎక్కని మరియొక లెక్క యున్నది. మన పేటలనుండి పని కొరకని బయలుదేరి, చెప్పిన చోటికి కాక వేరొక చోటికి చేరినవారి లెక్క అది. వారిలో తిరిగి వచ్చినవారు మనమధ్యనే యున్నారు. కొందరు ఆదివారము గుడికి వచ్చి చివరి వరుసలో కూర్చుండి, ఆశీర్వాదము ముగియకముందే లేచి వెళ్లిపోవుచున్నారు. మానవ అక్రమ రవాణాను గూర్చి మాటలాడుమని నాకు చెప్పబడినది. ఆ చివరి వరుసను దృష్టియందుంచుకొని నాలుగు మాటలు చెప్పెదను.

మొట్టమొదట ఒక సంగతి స్పష్టము చేసికొందము. మనుష్యులను అమ్మువాడనగానే ముఖమునకు గుడ్డ కట్టుకొని చీకటిలో పిల్లలనెత్తుకుపోవు దొంగ మన కన్నులకు కనబడును. అట్టివారు లేకపోలేదు. గాని ఎక్కువసార్లు అమ్మకము ఆ విధముగా జరుగదు. యోసేపు కథను మనము సండే స్కూలునుండి ఎరుగుదుము. ఇరువది వెండి నాణెములకు అతనిని అమ్మినవారు పరదేశులు కారు, తోడబుట్టిన అన్నలు. వర్తకులు దారిన పోవుచు వచ్చిరి, బేరము మాత్రము ఇంటివారే కుదిర్చిరి. నేటికిని అట్లే జరుగుచున్నది. వచ్చి అడుగువాడు మేనమామ వరుసవాడు కావచ్చును, పక్క వీధి అక్కయ్య కావచ్చును, పెండ్లి చేసికొందునని నమ్మించిన కుర్రవాడు కావచ్చును. గుడిలో మనతో కలిసి పాట పాడువాడును కావచ్చును. కాబట్టి ఈ కార్యము పోలీసువారిది మాత్రమే కాదు. బేరము మన ఊరిలో మొదలగుచున్నది గనుక దానిని ఆపు పని కూడ మన ఊరిలోనే మొదలు కావలెను.

తెలుగుదేశమునకు ఈ వ్యాపారము క్రొత్త కాదు. 1860లో మద్రాసు రేవునుండి నాటాలునకు కూలీలను తీసికొనిపోయిన మొదటి ఓడలో తెలుగువారును ఉండిరి. 1903 నుండి అదే రేవు గుండ ఫిజీ దీవుల చెరకు తోటలకు మనవారిని పంపిరి. అయిదేండ్ల ఒప్పందము, వేలిముద్ర, ఓడ ప్రయాణము. ఏమి వ్రాసియున్నదో చదువ నేర్చినవారు బహు కొద్దిమంది. కాకినాడనుండి రంగూనుకు పోయినవారి సంగతి మన తాతలు చెప్పుచుండిరి. అక్కడ మేస్త్రీ అను మధ్యవర్తి ముందుగా అడ్వాన్సు ఇచ్చి, తరువాత ఆ అప్పుతోనే మనిషిని పట్టి ఉంచెడివాడు. ఒప్పందపు కూలి విధానమును చూచి సహింపలేక 1915లో ఫిజీకి స్వయముగా వెళ్లి, కూలీల గుడిసెలలోని స్థితిని లోకమునకు తెలిపినవాడు సి.ఎఫ్. ఆండ్రూస్ అను దైవజనుడు. దేశమంతట వ్యతిరేకత లేచిన పిమ్మట 1917లో ఆ భర్తీ నిలిచిపోయినది. 1920 ఆరంభమున ఫిజీలో మిగిలిన ఒప్పందములు కూడ రద్దయినవి.

ఈ పాత చరిత్ర ఎందుకు చెప్పుచున్నాననగా, ఓడ పోయి విమానము వచ్చినను పద్ధతి మారలేదు. ముందొక వాగ్దానము, దాని వెనుక అప్పు, ఆ తరువాత దూరము, చివరకు చేతిలో లేని కాగితము. ఈ నాలుగును కలిసినచోట మనిషి సరకగుచున్నాడు.

మన గోదావరి డెల్టా గ్రామములనుండి, కడప ప్రాంతమునుండి ఇంటిపని కొరకు కువైటు మొదలగు గల్ఫు దేశములకు స్త్రీలు వెళ్లుట మనకందరకు తెలిసిన విషయమే. ఖద్దామా వీసా అనిన మాట తెలియని ఇల్లు కోనసీమలో అరుదు. వెళ్లినవారందరు మోసపోయిరని నేను చెప్పుట లేదు. ఆ తల్లుల కష్టార్జితముతో పెంకుటిండ్లు డాబాలైనవి, ఆడపిల్లలు నర్సింగు చదివిరి, దేవాలయములకు గోపురములు లేచినవి. కష్టపడి సంపాదించుట పాపము కాదు. అయితే ఏజెంటు విజిట్ వీసామీద పంపినప్పుడు, రెండు ఇండ్ల పనికని చెప్పి మూడు ఇండ్లలో త్రిప్పినప్పుడు, పాస్‌పోర్టు లాగుకొని జీతమివ్వనప్పుడు, ఫోను తీసివేసి తలుపు తాళము వేసినప్పుడు, అది ఉద్యోగము కాదు, బానిసత్వము. అక్కడ పనిమనిషి ఉండుటకు కావలసిన అకామా యజమానియైన కఫీల్ చేతిలో నుండును. ఆ ఇంటినుండి పారిపోయిన స్త్రీ, తనకు అన్యాయము జరిగినను, ఆ దేశపు చట్టము దృష్టిలో తానే నేరస్థురాలగు ప్రమాదమున్నది.

రెండవ మార్గము మన దేశములోనే యున్నది. సినిమాలో వేషమని, బట్టల దుకాణములో పని అని, ప్రేమవివాహమని చెప్పి బాలికలను, యౌవనస్త్రీలను పెద్ద పట్టణములలోని వేశ్యాగృహములకు చేర్చుచున్నారు. ఇప్పుడు పరిచయము సంత దగ్గర జరుగనక్కరలేదు, పిల్ల చేతిలోని సెల్‌ఫోనులోనే జరుగుచున్నది.

మూడవది మనము ఎక్కువగా గమనింపనిది. మన ప్రాంతమునుండి పోవువారే కాదు, మన ప్రాంతమునకు తేబడువారును ఉన్నారు. పశ్చిమ ఒరిస్సాలోని బొలంగీరు, నువాపాడ జిల్లాలనుండి ఏటేట కోతలైన పిమ్మట కుటుంబములకు కుటుంబములు తెలంగాణలోను ఆంధ్రలోను ఇటుక బట్టీలకు వచ్చుచున్నవి. సర్దారు అను మధ్యవర్తి పండుగ ఖర్చుకని అడ్వాన్సు ఇచ్చును. భార్యాభర్తలు, పిల్లలు కలిసి ఆ బాకీ తీరువరకు ఇటుకలు కోయవలెను. బాకీ ఎంత తీరినదో లెక్క సర్దారు పుస్తకములోనే యుండును. శతజయంతి జ్ఞాపకార్థముగా మనలో అనేక సంఘములు ప్రహరీలు, హాళ్లు కట్టుకొనుచున్నవి. ఆ ఇటుకలు ఏ బట్టీనుండి వచ్చినవో, అక్కడి పిల్లలు బడికి పోవుచున్నారో లేదో కట్టడపు కమిటీవారు ఒకసారి వెళ్లి చూచిన బాగుండును.

ఇక చట్టము సంగతి. మన రాజ్యాంగములోని 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయములను, వెట్టిచాకిరిని నిషేధించినది. 1956లో వ్యభిచార వ్యాపారమును అరికట్టు చట్టము, 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చినవి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షను మానవ అక్రమ రవాణాకు సంబంధించినది. దోపిడీ నిమిత్తము బెదిరించియో, మోసగించియో, ఆశపెట్టియో ఒకరిని చేర్చుకొనుట, తరలించుట, దాచుట, అప్పగించుట నేరము. శిక్ష ఏడేండ్లకు తక్కువ కాని కఠిన కారాగారము. అమ్మబడినది మైనరైనచో పదేండ్లకు తక్కువ కాదు, యావజ్జీవము వరకు పోవచ్చును.

ఆ సెక్షనులో ఒక మాట యున్నది. దానిని మన ప్రతి సంఘములో చదివి వినిపింపవలెనని నా కోరిక. బాధితురాలు ఒప్పుకొన్నదా లేదా అనునది లెక్కలోనికి రాదని అందులో స్పష్టముగా నున్నది. “ఇష్టపడే కదా వెళ్లింది, ఎవరు వెళ్లమన్నారు?” అని మన అరుగులమీద పలుకు మాటకు చట్టమిచ్చు జవాబు ఇదే. అబద్ధము చెప్పి సంపాదించిన ఒప్పుదల ఒప్పుదల కాదు. చట్టము గ్రహించిన ఈ చిన్న సత్యమును సంఘము ఇంకను గ్రహింపకపోవుట విచారకరము.

మన చేతనైనది ఏమి? ముందుగా, వెళ్లకముందు చేయదగిన పని చెప్పెదను. దీనికి డబ్బు అక్కరలేదు. గల్ఫుకు పోవు సహోదరి ప్రార్థన చేయించుకొనుటకు పాస్టరు ఇంటికి తప్పక వచ్చును. ప్రార్థనకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడి. ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉన్నదా? ఈ-మైగ్రేట్‌లో నీ పేరు ఎక్కినదా? వీసా పనిచేయుటకిచ్చినదా, చూచిపోవుటకిచ్చినదా? నీ పాస్‌పోర్టు నకలు, ఒప్పంద కాగితము నకలు ఇంటివద్ద ఎవరి దగ్గర నున్నవి? పదవ తరగతి చదువని స్త్రీ ఇంటిపనికి గల్ఫు దేశములకు పోవలెనన్న 30 సంవత్సరములు నిండవలెనని నియమమున్నది. అట్టి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనని 2016లో కేంద్రము నిర్ణయించినది. మనకు ఆంధ్రలో ఓంకాప్, తెలంగాణలో టాంకామ్ అను సంస్థలున్నవి. వయస్సు దిద్ది పాస్‌పోర్టు చేయింతునను ఏజెంటు, వేరే రాష్ట్రపు విమానాశ్రయమునుండి పంపుదుననువాడు, “ఎవరైనా అడిగితే చుట్టాలింటికని చెప్పు” అని నేర్పువాడు, వీరిలో ఎవరు కనబడినను ఆ ప్రయాణము ఆపుడి. నకళ్లను సంఘపు బీరువాలో ఒక కవరులో ఉంచుడి. కష్టము వచ్చిన దినమున ఎంబసీవారు మొదట అడుగునది ఆ పాస్‌పోర్టు నంబరే.

ఆడపిల్ల బడి మానినచో రెండవ వారమే ఆ ఇంటికి వెళ్లుడి. పరీక్ష తప్పిన పిల్ల, అప్పులలో నున్న ఇల్లు, తండ్రి లేని ఇల్లు, త్రాగు తండ్రి యున్న ఇల్లు, వీటి చిరునామాలు మనకు తెలిసినట్లే ఏజెంటుకును తెలుసును. మనము వెళ్లుటకు ముందే అతడు వెళ్లుచున్నాడు, అంతే భేదము. సంఘములో చిన్న పొదుపు నిధి యుండి, అవసరమునకు అయిదు పది వేలు చేబదులు దొరికినచో, కొన్ని ప్రయాణములు మొదలే కావు.

అనుమానము కలిగినప్పుడు మనమే కర్రలు పట్టుకొని తలుపులు విరుగగొట్టరాదు. అట్లు చేసిన పక్షమున పిల్లలను రాత్రికి రాత్రి వేరొక చోటికి మార్చివేయుదురు. పిల్లల విషయమైన 1098కి, స్త్రీల విషయమైన 181కి, ప్రాణాపాయమైన 112కు ఫోను చేయవలెను. ఆ మూడు నంబరులు గుడి గోడమీద, వాక్యము వ్రాసిన ప్రక్కనే, పెద్ద అక్షరములతో వ్రాయించుడి. మైనరును విడిపించినప్పుడు బాలల సంక్షేమ కమిటీ ముందుంచెదరు. పెద్దవారిని మేజిస్ట్రేటు ముందుంచెదరు. ఇంటివారికి అప్పగించుటకు ముందు ఆ ఇల్లు తగినదో కాదో విచారణ చేయింతురు. అమ్మినది ఇంటివారే యైనప్పుడు అదే ఇంటికి పంపుట తిరిగి అమ్ముటతో సమానము. ఆ విచారణకు అధికారులు వచ్చినప్పుడు “మంచి కుటుంబమండీ” అని మొగమాటమునకు సంతకము చేయకుడి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాను. విడిపించుట ఒక దినపు పని. నిలువబెట్టుట ఏండ్ల పని. పత్రికలలో విడుదల వార్త వచ్చును. ఆ తరువాత ఆమె ఇంటికి చేరిన సంగతి ఎవరును వ్రాయరు.

నేను సేవచేసిన ఒక పాస్టరేటులో ఒక సహోదరి గల్ఫునుండి ఔట్‌పాస్ మీద తిరిగి వచ్చినది. ఊరు, పేరు చెప్పను. పదునాలుగు నెలల పనికి ఆమె చేతికి వచ్చినది మూడు నెలల జీతము. ఒంటిమీద కాలిన మచ్చలున్నవి. ఇంటి దగ్గర ఎదురైనది వెళ్లుటకు చేసిన అప్పు, దానిమీద వడ్డీ. భర్త అడిగిన మొదటి మాట “ఎంత తెచ్చావు?” అని. వీధిలోనివారు అడుగక అడిగిన మాట మరియొకటి. సంఘములో కొందరు ఆమెకు సంస్కారమిచ్చుటకు ముందు విచారణ జరుగవలెననిరి. ఆ సమయమున స్త్రీల మైత్రిలోని ఒక వృద్ధురాలు, చదువురాని మనిషి, ఏమియు వాదింపలేదు. ఆదివారము ఆమె చేయి పట్టుకొని తెచ్చి, చాపమీద తన ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నది. మరుసటి ఆదివారమును అట్లే చేసినది. వారములో ఒక దినము పెద్దాసుపత్రికి, ఒక దినము బ్యాంకుకు వెంట వెళ్లినది. “ఏం జరిగిందమ్మా?” అని ఒక్కసారియైనను అడుగలేదు. ఆరు నెలల తరువాత ఆ సహోదరియే తనంతట తాను ఆమెతో చెప్పుకొని ఏడ్చినది. నేను వేదాంత కళాశాలలో ఆదరణ పరిచర్యను గూర్చి పరీక్ష వ్రాసితిని. ఆ పాఠము చాపమీద కూర్చుండి చేసి చూపినది ఆ అవ్వయే.

దీనినిబట్టి మన సంఘములకు కొన్ని మాటలు మనవి చేయుదును. తిరిగి వచ్చిన సహోదరిని సాక్ష్యమునకు పిలువకుడి. మన కూటములలో సాక్ష్యము మంచిదే. గాని ఆమె గాయము మన మేలుకొలుపునకు సాధనము కారాదు. లైంగిక నేరమునకు గురియైన స్త్రీ పేరు, గుర్తులు బయటపెట్టుట చట్టప్రకారము కూడ శిక్షార్హము. ఫోటో తీసి వాట్సాప్‌లో “ప్రార్థించండి” అని పంపుటయు అట్టిదే. ప్రార్థించుడి, పేరు చెప్పక ప్రార్థించుడి. దేవునికి ఆమె పేరు తెలుసును.

ఆమెకు రావలసినది ఇప్పించుడి. వెట్టినుండి విడుదలైనవారికి 2016 నాటి కేంద్ర పథకము ప్రకారము పురుషునికి 1 లక్ష, స్త్రీలకు పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా లైంగిక దోపిడీ వంటి ఘోరమైన సందర్భములలో 3 లక్షల రూపాయల సహాయమున్నది. దానికి అధికారులు విడుదల పత్రమియ్యవలెను. ఆ పత్రముతో పాత బాకీ కూడ చట్టరీత్యా రద్దగును. బాధితులకు నష్టపరిహారము ఇప్పించు పద్ధతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా జరుగును. స్త్రీలకు అక్కడ ఆదాయముతో పనిలేకుండ ఉచితముగా వకీలును ఇత్తురు. అయితే ఒంటరి స్త్రీ కలెక్టరు కచేరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కగలదు? మన సంఘములలో రిటైరైన ఉపాధ్యాయులున్నారు, గుమాస్తాలున్నారు, ప్లీడర్లున్నారు. దరఖాస్తు వ్రాసి, వాయిదాకు వెంట వెళ్లుట కూడ పరిచర్యయే. కేసులు ఎక్కువ చెడిపోవునది సాక్షి ఒంటరి యగుటవలననే.

పని చూపుడి. జాలితో ఇచ్చు చీర ఒక పండుగకు సరిపోవును. పండిత రమాబాయి 1896-97 కరవు కాలమున మధ్యపరగణాలకు వెళ్లి, దిక్కులేక దుష్టుల చేతిలో పడబోవుచున్న వందలాది బాలికలను, స్త్రీలను పూనా దగ్గరకు తెచ్చినది. కేడ్గాంలోని ముక్తి సదనములో అన్నము పెట్టుటతో ఆమె ఆగలేదు. చదువు, నేత, ముద్రణ, వ్యవసాయము నేర్పినది. మన హైదరాబాదులో 1996లో మెహబూబ్ కీ మెహందీ అను పేటలోని వేశ్యాగృహములను ఖాళీ చేయించినప్పుడు, వీధిన పడిన స్త్రీల పిల్లలకు బడి పెట్టుటతో సునీతా కృష్ణన్‌గారును బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌గారును ప్రజ్వల సంస్థను ఆరంభించిరి. అక్కడ విడిపింపబడిన స్త్రీలు వెల్డింగు, వడ్రంగము వంటి పనులు నేర్చిరి. ఆడవారికి కుట్టుమిషను తప్ప వేరొకటి తోచని మనకు ఇది మంచి పాఠము. ఏ పని కావలెనో ముందు ఆమెనే అడుగవలెను. ఎవరో నిర్ణయించిన జీవితమే కదా ఆమెను అక్కడికి చేర్చినది!

చివరిగా ఒక కఠినమైన మాట. పెద్దలు క్షమింతురని నమ్ముచున్నాను. అపొస్తలుల కార్యములలో ఫిలిప్పీ పట్టణపు దాసిని గూర్చి చదువుచున్నాము. ఆమెకు విడుదల కలుగగానే యజమానులకు సంతోషము కలుగలేదు. తమ లాభము పోయెనని చూచుకొని పౌలును సీలను పట్టించిరి. విడుదల ఎక్కడ జరిగినను ఎవరికో లాభము పోవును. ఆ లాభములో కొంత మన కానుకల సంచిలోనికి వచ్చుచున్నదా అని మనము పరీక్షించుకొనవలెను. ఊరిలో ఏజెంటుగా పేరుపడినవాడు మైకుసెట్టు కొనియిచ్చిననాడు, క్రిస్మసు విందుకు బియ్యపు బస్తాలు పంపిననాడు, మనము అతనికి శాలువ కప్పుచున్నాము. చివరి వరుసలో కూర్చున్న సహోదరి ఆ శాలువను చూచుచున్నది. తన్ను పంపినవాడు వేదికమీద నుండగా ఆమె ఆ గుడిలో ఏ ధైర్యముతో నోరు విప్పును? నేరము రుజువు కాకుండ ఎవరినైనను దోషియనుట తగదు. గాని లైసెన్సు చూపలేనివానికి సన్మానము చేయకుండుటకు రుజువులు అక్కరలేదు. అట్టి కానుక లేకపోయినచో మన హాలు ఒక సంవత్సరము ఆలస్యముగా ముగియును. ముగియనిండు.

కావున ప్రియులారా, ఈ శతజయంతి సంవత్సరమున ప్రతి పాస్టరేటులోను ముగ్గురిని, వారిలో ఇద్దరు స్త్రీలను, ఈ పనికి ఏర్పరచుమని మనవి చేయుచున్నాను. వెళ్లువారి కాగితములు చూచుట ఒకరి పని, బడి మానిన పిల్లల ఇండ్లకు వెళ్లుట ఒకరి పని, తిరిగి వచ్చినవారి వెంట నుండుట ఒకరి పని. వారికి జీతము వద్దు, పదవి వద్దు. నెలకొకసారి సంఘకమిటీలో, పేర్లు చెప్పకుండ, ఏమి జరిగినదో ఒక మాట చెప్పిన చాలును. రాబోవు 100 సంవత్సరములలో మన రిజిస్టరులలో ఎక్కవలసిన లెక్క ఇదియు ఒకటి.

మన సంఘములలో చదువురాని అవ్వలు ఇంకను అనేకులున్నారు, చాపలును ఉన్నవి. వచ్చు ఆదివారమే మొదలు పెట్టవచ్చును. అమ్మబడిన తన బిడ్డలను మరువని దేవుడు ఈ పనిలో మనకు తోడై యుండునుగాక. ఆమేన్.